కూచిపూడికి చెన్నై ఏం చేసింది? వలస వచ్చిన కళలో నిలిచినవి, రాలిపోయినవి

క్లుప్తంగా: ఇప్పుడు ప్రపంచమంతా కూచిపూడి పేరుతో చూస్తున్న నృత్యరూపంలో చాలా భాగం, కృష్ణా జిల్లాలోని ఆ పల్లెను వదిలి మద్రాసు చేరిన గురువుల చేతుల్లో తయారైంది. వలస వచ్చిన కళాకారుడు తన వారసత్వంలో ఏది నిలుపుకుంటాడు, ఏది వదులుకుంటాడు అన్నది అతని అభిమానం ఒక్కటే తేల్చే విషయం కాదు. ఆ కళకు కూడు పెట్టేది గుడా, సభా, బడా, సినిమానా అన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. తంజావూరు పక్కన మేలట్టూరులో ఇదే వారసత్వం పూర్తిగా వేరే దారి పట్టడానికి కారణం అదే.

సందేహం ఎక్కడ పుడుతోంది

ఏటా డిసెంబరులో చెన్నై సభల్లో, అంటే కచేరీలు నడిపే సంస్థల హాళ్లలో, మార్గళి మాసపు కచేరీలతో పాటు నృత్య ప్రదర్శనలూ మొదలవుతాయి. వాటిలో కూచిపూడి చూసిన తెలుగువాళ్లలో ఒక వాదన తరచూ రేగుతుంది. సత్యభామగా అమ్మాయి ఆడుతోంది, గంటన్నరలో అయిదారు అంశాలు ముగిసిపోతున్నాయి, పాట వెనక రికార్డులో వస్తోంది, పాత్ర నోరు విప్పి మాట్లాడటం లేదు. తాతల కాలంలో రాత్రంతా ఆడిన భాగవతం ఇదేనా అని కొందరు అడుగుతారు. చెన్నైలోనో బెంగళూరులోనో పుట్టి పెరిగి, ఆరేళ్ల వయసు నుంచి క్లాసుకు వెళ్లిన పిల్లలకు మాత్రం ఇదే అసలైన కూచిపూడి. ఒకే పేరు కింద రెండు దశలు కలిసి ఉండటమే ఈ గందరగోళానికి మూలం. ఆ రెండింటికీ మధ్య జరిగింది వలస.

ఊళ్లో ఆట ఎలా ఉండేది

మార్పు అర్థం కావాలంటే ముందు పాత పద్ధతి తెలియాలి. కూచిపూడి భాగవతులు అగ్రహారంలో ఉండే బ్రాహ్మణ కుటుంబాలవారు. 1763 నాటి ఆస్తి పంపకాల పత్రంలో పదిహేను ఇంటిపేర్లు కనిపిస్తాయి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వాటిలోవే. ఆడవేషాలూ మగవాళ్లే కట్టేవారు. ఈ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది, భామాకలాపం రాసినట్టు చెప్పే సిద్ధేంద్రయోగి పేరుతో వస్తున్న నియమం.

ప్రదర్శన ఊరి నడుమ ఖాళీ జాగాలో, పొద్దుపోయాక మొదలయ్యేది. కాగడాల వెలుగే దీపాలంకరణ. ముఖ్యమైన పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మంట మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున వెలుగు లేచేది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, ఆ తెర మీదుగా సత్యభామ తన జడను ఇవతలికి వేసేది. ఆ జడ ఒక సవాలు: అభినయంలో, శాస్త్రంలో తనను గెలవగలిగినవారు ఉంటే వచ్చి దాన్ని కోయవచ్చని అర్థం. ఆ తరువాత ప్రవేశ దరువు (పాత్ర తనను పరిచయం చేసుకునే పాట), సూత్రధారితో సంవాదం. ఆ సూత్రధారే మాధవి అనే చెలికత్తెగా మారి భామను ఆటపట్టించడం, ప్రశ్నలు వేయడం, సభలో ఉన్న పండితుడినో మోతుబరినో మాటల్లోకి లాగడం చేసేవాడు.

ఆటకు ప్రాణం ఈ సంవాదంలోనే ఉండేది. ఒక్క పద్యానికి అర్థం చెబుతూ అరగంట అభినయించినా అడిగేవారు లేరు, ఎందుకంటే తెల్లవారేదాకా సమయం ఉంది. జనానికి భాష వచ్చు, కథ వచ్చు, నటుడు కొత్తగా ఏం కల్పిస్తాడన్నదే ఆసక్తి. భూస్వాములు, ఊరి పెద్దలు ఇచ్చే సంభావనల మీద మేళాలు తిరిగేవి. 1930ల తరువాత టాకీ సినిమా ఊళ్లలోకి వచ్చింది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. పాత పోషణ రెండు వైపుల నుంచీ సన్నగిల్లింది.

మద్రాసు దారి

అప్పటికి మద్రాసు తెలుగువారికి పరాయి రాజధాని కాదు. 1938 నుంచి రేడియో కేంద్రం ఉంది, గ్రామఫోన్ కంపెనీలు ఉన్నాయి, కోడంబాక్కం, వడపళని వైపు స్టూడియోలు లేస్తున్నాయి. సినిమాకు నాట్యం కావాలి. నాట్యం తెలిసినవాడికి నెల జీతం దొరికే చోటు అదొక్కటే.

కూచిపూడి నుంచి మద్రాసు వచ్చి నేర్పినవారిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ముఖ్యుడు. ఊళ్లో ఆడవాళ్లకు నేర్పని విద్యను ఆయన వాళ్లకు నేర్పారు. భరతనాట్యంలో తిరుగులేని పేరు తెచ్చుకున్న టి. బాలసరస్వతి అభినయంలో మెరుగులు దిద్దుకున్నది ఆయన దగ్గర కూడా. అంటే కూచిపూడి భాగవతుల అభినయ సంపదలో కొంత, కూచిపూడి పేరు లేకుండానే మద్రాసు నృత్యరంగంలో కలిసింది. వలస చరిత్రలు రాసేటప్పుడు ఇలాంటి చేరికలే అందరికంటే ముందు మరుగున పడతాయి.

1929లో కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం ఇదే దారిలో మద్రాసు వచ్చి, వేదాంతం రాఘవయ్య వంటివారి దగ్గర సినిమా నృత్యాల్లో పనిచేశారు. సినిమా ఆయనకు జీతంతో పాటు మరో పాఠం కూడా నేర్పింది. కెమెరా ముందు నాలుగు నిమిషాల్లో విషయం చెప్పాలి, బృందం వరస తప్పకూడదు, చూసేవాడి కంటికి ప్రతి భంగిమా స్పష్టంగా ఉండాలి. 1963లో ఆయన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ప్రారంభించేనాటికి ఈ క్రమశిక్షణ చేతికి వచ్చేసింది. సినిమా వల్లే శాస్త్రీయత పలచబడిందన్న విమర్శ తరచూ వినిపిస్తుంది. అది సగం న్యాయమే: సినిమా ఇచ్చిన ఆదాయమూ కూర్పు నేర్పూ లేకపోతే అకాడమీ నిలబడేది కాదు.

రాజకీయం కూడా ఇందులో ఉంది. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. కచేరీల్లో తెలుగు కీర్తనల ఆధిక్యం మీద తమిళుల అసంతృప్తికి అది గొంతు ఇచ్చింది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మద్రాసులోనే నిరాహార దీక్షలో మరణించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు అటువైపు రాలేదు. నగరంలోని తెలుగు కళాకారులు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రంలోని భాషా మైనారిటీ అయ్యారు. సరిగ్గా ఆ దశకంలోనే కూచిపూడి తన స్థాయిని నిరూపించుకోవలసి వచ్చింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో అది విడి శాస్త్రీయ నృత్యమా అన్న ప్రశ్న వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ దానికి జవాబుగా సదస్సు పెట్టింది. కొత్త రాష్ట్రానికి తనదని చెప్పుకునే నృత్యం కావాలి, ఆ నృత్యానికి అప్పటి మంచి ప్రయోగశాల మద్రాసులో ఉంది.

నగరంలో ఏం మారింది, ఎందువల్ల

మొదట మారింది సమయం. సభ హాలు సాయంత్రం ఆరున్నరకు తెరిచి తొమ్మిదికి మూస్తారు. రాత్రంతా సాగే కలాపం, అంటే భామాకలాపం వంటి సంవాద నాటకం, రెండున్నర గంటల నృత్యనాటకమైంది. అందులో ఒక్కో ఘట్టం విడివడి ఏకపాత్ర ప్రదర్శనలో ఒక అంశమైంది. ఇప్పటి గంటన్నర కార్యక్రమాన్ని గమనిస్తే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: ప్రార్థనకు ఏడెనిమిది నిమిషాలు, ప్రవేశ దరువుకు పది పన్నెండు, తరంగానికి (కృష్ణుడి మీది పాటకు) ఇరవై పైన, ఒక పదమో జావళో పది, చివర తిల్లానా ఎనిమిది. మిగతాది వేషం మార్చుకోవడానికి, వ్యాఖ్యానానికి పోతుంది. ఈ క్రమం భరతనాట్య కచేరీ క్రమాన్ని చూసి అల్లుకున్నదే. సభ కార్యదర్శికి, విమర్శకుడికి, టికెట్టు కొన్న ప్రేక్షకుడికి అలవాటైన అచ్చు అది. ఆ అచ్చులో పట్టనిదాన్ని అప్పటి మద్రాసులో శాస్త్రీయమని ఒప్పించడం కష్టం.

రెండోది మాట. తమిళ ప్రేక్షకుడికి తెలుగు పాట కొత్త కాదు. త్యాగరాజు, క్షేత్రయ్య, శ్యామశాస్త్రి రచనలు విని విని చెవికి ఆ నుడికారం పట్టింది. తెలుగు సంభాషణ మాత్రం అందదు. చమత్కారం అందకపోతే నవ్వు రాదు, నవ్వు రాకపోతే సూత్రధారి నిలబడలేడు. అందుకే పాట మిగిలి మాట తగ్గింది. వాచికాభినయం, అంటే మాట పలికి చేసే అభినయం, కూచిపూడిని మిగతా నృత్యాల నుంచి వేరు చేసే లక్షణమని పుస్తకాలన్నీ చెబుతాయి. నగర వేదిక మీద మొదట పలచబడింది ఆ లక్షణమే. నారాయణ తీర్థుల తరంగాలు సంస్కృతంలో ఉండటం వల్ల అవి ఏ రాష్ట్రంలోనైనా చెల్లాయి, ఏకపాత్ర కార్యక్రమానికి నడిమి స్తంభమయ్యాయి. తీర్థులవారు తాము కూడా తెలుగు నేల నుంచి తంజావూరు సీమకు వెళ్లినవారే. కూచిపూడి పక్క ఊరు మొవ్వ గోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువుకు చేరిన సంగతీ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఈ కళ దక్షిణానికి నడవడం ఇరవయ్యో శతాబ్దంలో మొదలవలేదు.

మూడోది ఎవరు ఆడాలన్నది. నగరంలో నృత్యం నేర్చుకోవడానికి జీతం కట్టి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. అకాడమీ వాళ్ల మీద నిలబడింది. దాంతో పాఠం చెప్పే పద్ధతి కూడా మారక తప్పలేదు. ఇంట్లో పుట్టిన పిల్లవాడు చూస్తూ చూస్తూ నేర్చుకుంటాడు. వారానికి రెండు మూడుసార్లు వచ్చే విద్యార్థికి అడవులను (కాలు, చేయి కలిపి చేసే మూల కదలికలను) వరస కట్టి, పేరు పెట్టి, మూడు కాలాల్లో సాధన చేయించి, ఒక మెట్టు ఎక్కాక మరో మెట్టు చూపించాలి. చినసత్యం చేసిన అతిపెద్ద పని నృత్యనాటకాల కంటే ఈ వరస కట్టడమే అనిపిస్తుంది. అది ఉండబట్టే ఆయన శిష్యులు ఏ ఊళ్లోనైనా బడి పెట్టుకోగలిగారు.

నాలుగోది సంగీతం, సాహిత్యం. ఇక్కడ వలస చేసిన మేలు స్పష్టంగా కనిపిస్తుంది. కావలిలో కళాశాల అధ్యాపకుడైన ఎస్వీ భుజంగరాయ శర్మ పాటలు రాశారు. సాలూరు సంగీత కుటుంబానికి చెందిన పట్రాయని సంగీతరావు, ఘంటసాల దగ్గర పనిచేయడానికి మద్రాసు వచ్చినవారు, ఎన్నో నృత్యనాటకాలకు స్వరకల్పన చేశారు. ‘క్షీరసాగర మథనం’, ‘శ్రీకృష్ణ పారిజాతం’ వంటి నాటకాల వెనక ఇలా వేర్వేరు జిల్లాల తెలుగువారు ఒకే నగరంలో చేరడం ఉంది. ఊరి మేళంలో కృష్ణాతీరం యాసే ఉండేది. మద్రాసులో తయారైనది తెలుగు నేలంతటికీ చెందిన ఒక సాధుభాష, ఒక సాధు బాణీ. సొంత ఊరికి దూరమైనవాళ్లు ఊరి గుర్తింపును పక్కనపెట్టి భాష గుర్తింపును పట్టుకోవడం వలసల్లో సాధారణంగా జరిగే పనే. ఇక్కడ దాన్ని పాట కట్టులోనే వినవచ్చు.

పళ్లెం అంచు మీద

మార్పు ఎలా పనిచేస్తుందో ఒక్క అంశంలో దగ్గరగా చూడాలంటే తరంగం చాలు. కృష్ణుడి మీద పాట, మధ్యలో జతులు (తాళానికి పలికే అక్షరాల వరసలు), అప్పుడు నర్తకి ఇత్తడి పళ్లెం ఎక్కుతుంది. పళ్లెం అంచును రెండు పాదాలూ చెరో వైపు నొక్కిపట్టాలి. మోకాళ్లు బయటికి తిరిగి వంగి ఉంటాయి. బరువును ఒక పాదం నుంచి మరో పాదానికి మారుస్తుంటే పళ్లెం అంగుళం అంగుళం జరుగుతుంది. ఆ జరగడం మృదంగం నడకతో కలవాలి. తల మీద నీళ్ల చెంబు పెట్టుకుంటే నడుము పైభాగం అసలు ఊగకూడదు.

తప్పులు ఎక్కడ వస్తాయో నేర్పేవారికి బాగా తెలుసు. పలచని రేకు పళ్లెం ఒంట్లో బరువుకు వంగిపోయి అంచు పాదాన్ని కోస్తుంది. తివాచీ పరిచిన వేదిక మీద పళ్లెం కదలదు. నున్నటి టైల్స్ మీద ఆపినా ఆగదు. అందుకే కార్యక్రమానికి ముందే వేదిక మీద ఒకసారి నడిచి చూడటం ఆనవాయితీ. కొత్తవాళ్లు వేళ్లతో గట్టిగా పట్టుకోబోయి కండరాలు పట్టేసి కుంటుతారు; చూపు కిందికి దిగిపోతుంది, దాంతో అభినయం ఆగిపోతుంది.

అసలు సమస్య ఈ చివరిదే. పళ్లెం మీద ఉన్నంతసేపూ చేతులు, కళ్లు కృష్ణుడి కథ చెబుతూనే ఉండాలన్నది ఉద్దేశం. భాష రాని ప్రేక్షకుడి ముందు చప్పట్లు పళ్లేనికే పడతాయి. చప్పట్లు ఎక్కడ పడితే సాధన అక్కడికి మళ్లుతుంది. జతులు పొడవవుతాయి, సాహిత్యం కురచవుతుంది. కొన్నేళ్లకు తరంగమంటే పళ్లెం మీద నాట్యం అన్న అర్థమే మిగులుతుంది. సొంత సంస్కృతిని బయటివారికి చూపించే ప్రతి వలస కళాకారుడికీ ఈ ఒత్తిడి ఉంటుంది: వెంటనే గుర్తుపట్టగలిగే గుర్తు ఒకటి ముందుకు వస్తుంది, వివరం కావలసినది వెనక్కి పోతుంది.

మేలట్టూరు వేరే దారి

ఇదంతా నగరానికి వస్తే తప్పనిసరిగా జరిగేదేనా? తంజావూరు జిల్లా మేలట్టూరు కాదని చెబుతుంది. 16వ శతాబ్దం చివర, తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు తెలుగు దేశం నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ భూమీ ఇచ్చి ఊరు కట్టించాడని స్థలచరిత్ర. 510 కుటుంబాలని చెబుతారు. 18వ శతాబ్దంలో అక్కడి వెంకటరామ శాస్త్రి తెలుగులో యక్షగాన నాటకాలు రాశారు. అవే భాగవత మేళాలు. వాటిలో ప్రహ్లాద చరిత్రం ఇప్పటికీ నృసింహ జయంతి రోజుల్లో రాత్రంతా ఆడతారు. కోణంగి (విదూషకుడు) ముందు వస్తాడు, ఏనుగు ముఖంతో గణపతి వస్తాడు, ఆడవేషాలు మగవాళ్లే కడతారు. నరసింహుడి ముఖం గుడిలో పూజలందుకునేది. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు.

చుట్టూ ఉన్నది తమిళ ఊరు. చూసేవారికి తెలుగు రాదు. ఆడేవారిలో కూడా ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తమిళమే. సంభాషణలు తమిళ లిపిలో రాసుకుని కంఠస్థం చేస్తారు. ఉద్యోగాల కోసం నగరాలకు వెళ్లినవారు ఉత్సవానికి తిరిగివచ్చి వేషం కడతారు. చెన్నైలో మాట తగ్గడానికి కారణమైన పరిస్థితి, అంటే తెలుగు రాని ప్రేక్షకుడు, ఇక్కడ నాలుగు శతాబ్దాలుగా ఉంది. అయినా మాట పోలేదు.

తేడా అంతా ఆటకు ఆధారం ఎక్కడ ఉందన్నదే. మేలట్టూరులో ఆట దేవుడికి చెల్లించే సేవ. నచ్చిందా లేదా అన్నది రెండో ప్రశ్న, టికెట్టు లేదు, తొమ్మిదింటికి హాలు మూసేవారు లేరు. కాబట్టి నిడివి, భాష, వేషాల నియమం అలాగే నిలిచాయి. అయితే దీనికీ ధర ఉంది. ఆట ఆ ఊరిని దాటి పెద్దగా పెరగలేదు, కొత్త నాటకాలు పుట్టింది అరుదు, ఆడపిల్లలకు చోటు లేదు. ఒకప్పుడు భాగవత మేళం ఆడిన ఊత్తుకాడు, శూలమంగళం వంటి ఊళ్లలో అది సన్నగిల్లిపోయింది. ఏడాదికొక్కసారి, కొద్ది కుటుంబాల మీద ఆధారపడిన కళలో ఒక తరం తప్పుకుంటే తిరిగి నింపేవారు ఉండరు. అకాడమీ పద్ధతికి ఆ భయం లేదు.

బొమ్మ గీసేవారి వెసులుబాటు

చిత్రకారుడికి భాష అడ్డు కాదు, అందువల్ల వలసలో అతని లెక్కలు వేరు. నాగలాపురంలో పెరిగి మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర చదివిన కె. శ్రీనివాసులు, లేపాక్షి కుడ్యచిత్రాల గీతనూ తోలుబొమ్మల పక్కచూపు కళ్లనూ కొయ్యబొమ్మల రంగులనూ తన బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. తరువాత ఆయన చేనేత సేవా కేంద్రంలో పనిచేశారు. అది ప్రభుత్వ ఉద్యోగం, పనేమో నేతకు నమూనాలు గీయడం. అక్కడ పల్లె ఆకృతులు జ్ఞాపకంగా కాక పనిముట్లుగా ఉపయోగపడ్డాయి.

1966లో నగరం బయట ఇంజంబాక్కంలో కేసీఎస్ పణికర్ చొరవతో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామం మరో ఏర్పాటు చేసుకుంది: బాతిక్ (మైనపు అద్దకం) వంటి చేతిపనులు అమ్మి, ఆ డబ్బుతో బొమ్మలు వేసుకునే స్వేచ్ఛ కొనుక్కుంది. పణికర్ తన ‘పదాలు, చిహ్నాలు’ చిత్రాల్లో లిపిలా కనిపించే గీతలు నింపారు. వాటిని ఏ భాషవాడూ చదవలేడు, కాబట్టి ఏ భాషవాడూ తనది కాదనలేడు. సత్యభామకు ఆ వీలు లేదు. ఆమె నోరు తెరిస్తే తెలుగే రావాలి.

పక్కకు జరిగిపోయినవారు

వారసత్వాన్ని మూటగట్టేటప్పుడు ఎవరిది కట్టాం అన్న ప్రశ్న చాలా రచనల్లో దాటవేతకు గురవుతుంది. భామాకలాపం, గొల్లకలాపం కూచిపూడి అగ్రహారంవారి సొత్తు మాత్రమే కాదు. గోదావరి జిల్లాల్లో ఆటపాటలే కులవృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాల స్త్రీలు తరతరాలుగా వాటిని ఆడారు. పదాలకు, జావళీలకు అభినయం వాళ్ల దగ్గరే దట్టంగా ఉండేది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం తెచ్చాక, సంఘసంస్కరణ ఊపులో ఆ స్త్రీల ప్రదర్శనలకు కూడా ముద్ర పడింది. బయటకు వచ్చి గజ్జె కట్టుకునే దారి మూసుకుపోయింది.

దాదాపు అవే సంవత్సరాల్లో మద్రాసులో మధ్యతరగతి ఇళ్ల ఆడపిల్లలు అదే కలాపం నేర్చుకోవడం గౌరవమైంది. రెండింటికీ సంబంధం ఉంది. కూచిపూడిని కొత్త రాష్ట్రపు శాస్త్రీయ నృత్యంగా నిలబెట్టడానికి మగ భాగవతుల వంశవృక్షం పనికొచ్చింది. కళావంతుల పేరు ఆ వాదనకు ఇబ్బంది కలిగించింది. తరువాత నటరాజ రామకృష్ణ ఆ స్త్రీల విద్యను ఆంధ్రనాట్యం పేరుతో వెలికి తీసేందుకు చేసిన కృషి వల్ల కొంత మిగిలింది. కూచిపూడి చరిత్రను సిద్ధేంద్రయోగితో మొదలుపెట్టి అకాడమీతో ముగించే కార్యక్రమ పత్రాలు ఈ భాగాన్ని వదిలేయడం పెద్ద లోపం. వేదిక మీద ఆడపిల్ల చేసే పదాభినయంలో ఎవరి చేతులున్నాయో ప్రేక్షకుడికి తెలియాలి.

తిరుగు ప్రయాణం

వలస కళ ఇంటికి తిరిగి రావడం ఈ కథలో బలమైన మలుపు. అనకాపల్లిలో పుట్టిన శోభా నాయుడు మద్రాసులో చినసత్యం దగ్గర నేర్చుకుని, 1980లో హైదరాబాదులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పారు. ఆమె శిష్యుల ద్వారా మద్రాసు బాణీ తెలుగు నేల మీద విస్తరించింది. ఆ బాణీలోనే మంజుభార్గవి బెంగళూరులో నేర్పుతున్నారు. కొరడ నరసింహారావు దగ్గర నేర్చుకున్న వైజయంతి కాశి అదే నగరంలో మరో శాఖను పెంచారు. 2010 డిసెంబరులో హైదరాబాదులో రెండు వేల మందికి పైగా నర్తకులు ఒకేసారి ఆడినప్పుడు అందరికీ తెలిసిన అంశంగా ఎంచుకున్నది చినసత్యం కూర్చిన హిందోళ తిల్లానా. తిల్లానాలో సంభాషణ లేదు, సాహిత్యం ఒకటి రెండు పాదాలే. వేలమందిని కలపడానికి పనికొచ్చింది మాట బరువు తక్కువున్న అంశమే.

ఈలోగా వేదాంతం సత్యనారాయణ శర్మ వంటివారు ఊరి పద్ధతిలో సత్యభామను చివరిదాకా నిలిపారు. కానీ సంఖ్యలో, బడుల్లో, పాఠ్యక్రమాల్లో నగర రూపమే ప్రమాణమైంది. ఇప్పుడు ఊరి పద్ధతిలో ఎవరైనా గంటసేపు సంవాదం ఆడితే దాన్ని ప్రయోగం అంటున్నారు.

ఇప్పటి చిక్కులు, సరిదిద్దుకునే వీలు

మొదటి చిక్కు ఉచ్చారణ. చెన్నైలో నేర్చుకునే పిల్లల్లో చాలామంది పాటను తమిళ లిపిలో రాసుకుంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప వర్గానికీ అంతే. అందుకే కర్ణాటక సంగీత పుస్తకాల్లో అక్షరం మీద 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ‘భామ’లో మొదటి అక్షరానికి ప మీద 4 పడాలి. అంకె వేయడం మరిచిపోతే, ఆ పిల్ల పెదవుల కదలికలోనే పదం మారిపోతుంది. నర్తకి పెదవి కదిపి అభినయించే కూచిపూడిలో అది ముందు వరసలో కూర్చున్నవారికి కనబడుతుంది. బెంగళూరులో కన్నడ లిపిలో రాసుకునేవారికి ఈ ఇబ్బంది లేదు. అక్కడ చిక్కు వేరు: ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా లిపి రాక ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు, ల, ళ తేడా పోతుంది, దీర్ఘం ఎక్కడో తెలియదు.

రెండోది రికార్డు. నట్టువాంగం (తాళం వేసి జతులు పలకడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కలిపి కనీసం అయిదుగురు కావాలి. వాళ్లకు కార్యక్రమం రోజే కాక అంతకుముందు రెండు మూడు సాధనలకు కూడా పారితోషికం ఇవ్వాలి. చిన్న బడికి అది మోయలేని ఖర్చు. రికార్డు పెడితే నిడివి గడ్డకట్టినట్టే: ఈ రోజు ప్రేక్షకుడు బాగా స్పందించాడని ఒక పాదాన్ని మూడుసార్లు తిప్పి అభినయించే వీలు ఉండదు. ఊరి భాగవతుడి బలమే ఆ తిప్పడం. ఖర్చు తట్టుకోలేనివారు కార్యక్రమం మొత్తం కాకపోయినా ఒక్క పదానికైనా గాత్రం, మృదంగం ఎదురుగా పెట్టుకుంటే, విద్యార్థికి సంచారి, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి అభినయించడం, చేసే అలవాటు మిగులుతుంది.

మూడోది భరతనాట్యం నుంచి మారి వచ్చే విద్యార్థుల విషయం. వాళ్లకు అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న నిలుపు) లోతుగా, గీతలు సూటిగా పడి ఉంటాయి. కూచిపూడి నడకలో ఉండే లేపు, మెడ నుంచి నడుము దాకా సాగే ఊపు రావడానికి అడవుల మొదటి వరస నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. తొందరలో నేరుగా అంశాలు నేర్పితే చివరికి కూచిపూడి వేషంలో భరతనాట్యం కనిపిస్తుంది.

వాచికం సంగతి వీటన్నిటికంటే ముఖ్యం, పైగా ఖర్చు లేనిది. ప్రవేశ దరువుకు ముందు భామ, మాధవి మధ్య నాలుగు మాటలు నర్తకి తన గొంతుతో పలకడానికి మైకు ఒకటి చాలు, నిడివి మూడు నాలుగు నిమిషాలు పెరుగుతుంది. చెన్నైలో తెలుగు రాని ప్రేక్షకుల కోసం మాధవి తమిళంలో ప్రశ్న వేసి, భామ తెలుగులో జవాబు చెప్పినా పాత్రల స్వభావానికి భంగం లేదు. సూత్రధారి పని ఎప్పుడూ ఎదుట ఉన్న సభకు కథను అందించడమే. బెంగళూరులో అదే ప్రశ్న కన్నడలో వేయవచ్చు. అయితే నృత్యం నేర్పే గంటలోంచి వారానికి పదిహేను నిమిషాలు పద్యం చదవడానికి, గొంతు విప్పి మాట్లాడటానికి కేటాయించాలి. ఇప్పటి పరీక్షల్లోనూ పోటీల్లోనూ వాచికానికి మార్కులు కూడా వేస్తే ఆ పదిహేను నిమిషాలను తల్లిదండ్రులు వృథా అనుకోరు.